వంటింటి కిటికీ: అడుగు

మా అన్నయ్యని వీధిలో అందరూ ‘రేపు’ అంటారు. ముద్దుపేరు కాదు, ఫిర్యాదు. మా పెద్దమ్మ కొడుకు, పాతికేళ్లుగా దర్జీ. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్కతో మిషను ముందు కూర్చుని, వచ్చినవాళ్ల మొహం చూడకముందే "రేపు" అనేస్తాడు. ఒకాయన తన పెళ్లికని కుట్టడానికిచ్చిన కోటు కొడుకు పుట్టాక తీసుకెళ్లాడని చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆ పిల్లవాడు అప్పటికే నడుస్తున్నాడు.

పనితనంలో మాత్రం వంక పెట్టలేం. ఏ గుడ్డా గీత మీద కత్తిరించడు, గీతకి అరంగుళం అవతల కత్తిరిస్తాడు. "కుట్టుకి వదలాలిరా. మనిషన్నాక లావవుతాడు" అంటాడు. నా ప్యాంట్లన్నిటి లోపలా ఆయన దూరదృష్టి మడతపెట్టి ఉంది. దాన్ని నేను ఇప్పటికి మూడుసార్లు విప్పించుకున్నాను.

అటువంటి మనిషి ఇల్లు కడతానన్నాడు.

అప్పటిదాకా వాళ్ల కాపురం కొట్టు వెనక గదిలో. ఆ గదికి కిటికీ లేదు. పగలూ రాత్రీ ఒకటే బల్బు. లైనింగు గుడ్డలు తడిపి, బయట తీగ మీద ఆరేసి, వెనక్కొచ్చి వంట చేసుకోవడం మా వదిన పని. వాన వస్తే ఆవిడకి తెలిసేది కాదు. ఎవరో తడిసి కొట్టులోకి పరిగెత్తుకొస్తే, అన్నయ్య మిషను ఆపి, "ఏమేవ్, వాన!" అని అరిచేవాడు. అప్పటికి గుడ్డలు ఆరేసిన దానికంటే ఎక్కువ తడిసి ఉండేవి. "ఇంట్లోనే ఉంటావు కదా, ఆమాత్రం చూసుకోవద్దూ?" అని పైగా ఒక దెప్పు. పద్దెనిమిదేళ్లు ఆ దెప్పు వినీ వినీ వదిన, ఇల్లు అనే మాట లేచిన రోజున ఒక్కటే అంది.

"పొయ్యి దగ్గర నిలబడితే వీధి కనబడాలి. వాన మొదలైతే ఈ ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలియాలి."

ఇంతే కోరిక. మిగతా ఇల్లంతా మీ ఇష్టం అని వదిలేసింది. మిగతా ఇల్లంతా మా ఇష్టమే అయింది. ఆ ఒక్కటి తప్ప అన్నీ కుదిరాయి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. చుట్టాల్ని పెట్టుకుని కట్టి చూడు అని మాత్రం అనలేదు. కట్టి చూసినవాడికి సామెత చెప్పే ఓపిక మిగిలి ఉండదు. మా సైన్యం వివరం ఇదీ. వదిన తమ్ముడు తాపీమేస్త్రీ, గోడల బాధ్యత అతనిది. మనిషి మంచివాడు, పని వచ్చినవాడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఆ చివరిదే లోపమని మాకు తర్వాత తెలిసింది. అన్నయ్య తోడల్లుడు కరెంటు పని చేస్తాడు. ఆరడుగుల పైన ఇంకో మూడంగుళాలు ఉంటాడు. స్విచ్చులన్నీ తన చెయ్యెత్తితే అందే ఎత్తున పెట్టాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో మా వదిన లైటు వేయాలంటే చీపురు తిరగేసి పట్టుకోవాలి. మూడో ఆయన మాకు వరసకి పెదనాన్న, అందరికీ మట్టం పెదనాన్న. ఎక్కడో వేలంలో కొన్న మట్టంబద్ద ఒకటి ఆయన చంకలో ఎప్పుడూ ఉంటుంది. మధ్యలో నీళ్లబుడగ ఊగే బద్ద. దాన్ని గోడ మీద పెడతాడు, గడప మీద పెడతాడు, తను పడుకునే మంచం మీద పెడతాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "ఈ అరుగు వాలింది" అంటాడు. ఆయన చేసిన సాయం అంతవరకే, అయినా రోజూ చేసేవాడు.

నాలుగోవాణ్ణి నేను. ఒక ఆఫీసులో ఫైళ్లు రాస్తాను. అందమైన చేతిరాత, పొట్టి నోట్సు, ఈ రెండింటికీ నాకు పేరు. ‘చూడు’, ‘పంపు’, ‘ఆపు’ అని ఒక్కొక్క ముక్కతో ఫైళ్లు నడిపించినవాణ్ణి. ఇంత ప్రతిభని ఇంటి పనికి వాడుకోకపోతే పాపమని నేనే వెళ్లి చేరాను.

పునాది దాకా బాగానే సాగింది. గోడలు లేచేసరికి అందరి నోళ్లూ లేచాయి. పొద్దున పెదనాన్న వచ్చి, "ఈ గోడ ఇటు జరగాలి" అనేవాడు. మధ్యాహ్నం తోడల్లుడు వచ్చి, "ఇక్కడ గోడుంటే నా వైరు ఎటు పోతుంది?" అనేవాడు. సాయంత్రం అన్నయ్య కొట్టు మూసి వచ్చి, టేపు పెట్టి కొలిచి, "కాస్త లూజుగా ఉంటే బాగుండును" అనేవాడు. పడగ్గది గోడని మేస్త్రీ మూడుసార్లు కట్టి మూడుసార్లు కూల్చాడు. నాలుగోసారి తాపీ కింద పడేసి నడుమ్మీద చేతులు పెట్టుకున్నాడు.

"బావా, ఇంక నోటిమాట వద్దు. ఏ గదిలో ఏది ఎంతో అందరూ కూర్చుని తేల్చుకోండి. తేలింది బొగ్గుతో గోడ మీద రాయండి. రాసిందే కడతా. రాయంది కట్టను. మళ్లీ ఎవరైనా చెవిలో చెబితే ఆ చెవిలో సిమెంటు కొట్టుకుంటా."

"నా చెవిలో కొట్టనంతవరకు నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు అన్నయ్య.

మర్నాడు సెలవు. అందరం ఇటుకల మీద సభ చేశాం. బొగ్గు నా చేతికి వచ్చింది. వీధి తలుపు ఇంత, పడగ్గది కిటికీ ఇంత అని వాళ్లు తేల్చడం, నేను గుండ్రంగా ముత్యాల్లా రాయడం. వంటింటి కిటికీ దగ్గరికొచ్చేసరికి సభ చీలిపోయింది.

"నాలుగడుగులు చాలు" అన్నాడు తోడల్లుడు.

"నాలుగా? పొగ ఎటుపోతుందయ్యా?" అన్నాడు పెదనాన్న.

"పొగెక్కడిది పెదనాన్నా, గ్యాసు పొయ్యి!"

"గ్యాసుకి పొగ రాదు సరే. మీ ఆవిడ చేస్తే రాదూ?"

ఇలా పావుగంట గడిచాక అన్నయ్య విసుక్కున్నాడు. "వంట చేసేది మనమా? తమ్ముడూ, మీ వదినని అడిగి అది రాయి."

అది ఆ రోజు సభలో మాట్లాడిన ఒకే ఒక్క తెలివైన మాట. మర్చిపోకూడదని నేను వెంటనే నా అలవాటు ప్రకారం ఒక్క ముక్కలో ఆ గోడ మీదే రాసుకున్నాను.

‘వంటింటి కిటికీ: అడుగు.’

అంతలో వదినే వచ్చింది. కొట్టు వెనక గదిలో కాచిన టీ పళ్లెంలో పెట్టుకుని, ఇసకగుట్ట దాటుకుంటూ. సరిగ్గా ఆ రాత కిందే నిలబడి అందరికీ గ్లాసులు అందించింది. నేనూ అందుకున్నాను. పెదనాన్న ఒక గుక్క తాగి తలెత్తి, "అమ్మాయ్, ఒకటి అడుగుతాను" అన్నాడు.

వదిన ఆగి, "చెప్పండి మామయ్యా" అంది.

"చక్కెర వేశావా?"

వేశానంది. ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆవిడని ఎవరైనా ఏదైనా అడిగారంటే అదొక్కటే. ఆ సాయంత్రమే నన్ను ఆఫీసు పని మీద పొరుగూరు పంపారు. పన్నెండు రోజులు.

తిరిగొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ఇల్లు చూడటానికి వెళ్లాను. పైన లింటెల్ దూలం పోసేశారు, గోడలు పూర్తయ్యాయి. వంటింట్లో అందరూ ఎవరో పోయినట్టు నిలబడి ఉన్నారు. నిండు గోడ. పైన లింటెల్ని ఆనుకుని, నా నెత్తికి జానెడు ఎత్తున, అడుగు పొడవు అడుగు వెడల్పు ఉన్న ఒక కన్నం. దాని పక్కనే నా ముత్యాల్లాంటి అక్షరాలు.

"అడుగంటే అడుగు" అంటున్నాడు మేస్త్రీ గర్వంగా. "అటు నూలుపోగు లేదు, ఇటు నూలుపోగు లేదు. పెదనాన్నగారు మట్టం పెట్టి చూశారు కూడా."

"మట్టం సరిగ్గానే ఉంది" అన్నాడు పెదనాన్న. నిజం చెప్పాలి కదా మరి.

"ఇంత చిన్న కిటికీ ఎవడైనా పెడతాడా? నీకు అనుమానం రాలేదూ?" అన్నాడు అన్నయ్య.

"వచ్చింది బావా. అనుమానం వస్తే ఏం చేయాలో గోడ మీద రాయలేదు."

తోడల్లుడు మునివేళ్ల మీద లేచి కన్నంలోంచి బయటికి చూశాడు. ఆ కిటికీని వాడుకోగలవాడు మా వంశంలో ఆయనొక్కడే. "బాగానే కనబడుతోంది వదినా. ఆకాశం, ఎదురింటి నీళ్లట్యాంకు" అని వర్ణించాడు.

"ఈగలు రావు" అన్నాడు పెదనాన్న.

"దొంగ కూడా దూరలేడు" అన్నాడు మేస్త్రీ.

వదిన ఒక ఇటుక తెచ్చి వేసుకుంది. దాని మీద ఇంకో ఇటుక. ఎక్కి నిలబడింది. నుదురు మాత్రం కిటికీ అంచుకి తగిలింది. దిగింది. పమిటతో చేతులు తుడుచుకుని, "బాగుంది" అంది.

పెళ్లయిన మగవాళ్లకి ఆ ‘బాగుంది’ గురించి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అన్నయ్య మొహం ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఆనిన గుడ్డలా అయిపోయింది.

"ఆమెని అడిగి రాయమన్నాను కదరా. అడుగని ఆమె చెప్పిందా?" అన్నాడు నావైపు తిరిగి.

గోడ మీద రాత ఎవరిదో ఎవరికీ అనుమానం లేదు. అంత అందంగా రాసేవాడు మా ఇంట్లో ఇంకోడు లేడు. ఆ క్షణంలో నా చేతిరాత కోడిగీతలైతే ఎంత బాగుండేదో! ఆఫీసులో అయితే ఫైలు కనబడటం లేదని చెప్పేవాణ్ణి. గోడని ఎక్కడని పారేయను?

"అది కొలత కాదన్నయ్యా" అన్నాను. "అడుగు అంటే... వదినని అడుగు అని. నాకు నేను రాసుకున్నాను."

మట్టంబద్దలో బుడగ కూడా కదలడం మానేసింది. ముందుగా వదినకే నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"మరి అడగలేదేం?" అంది.

జవాబు చెప్పమని నావైపే చూస్తుందనుకుని తల దించుకున్నాను. కాసేపటికి తలెత్తితే, ఆవిడ చూస్తున్నది నన్ను కాదు. "ఆ రోజు టీ తెచ్చి ఇక్కడే నిలబడ్డాను. రాసిన మాట నా నెత్తి మీదే ఉంది. నలుగురున్నారు" అంది అన్నయ్యతో, చాలా మామూలుగా, పాలవాడి గురించి చెప్తున్నట్టు.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు కానీ ఏమీ అనలేదు. అది ఆ ఇంటికి ఆయన చేసిన అసలైన సాయం.

మేస్త్రీ వచ్చి తన అక్క ముందు నిలబడ్డాడు. "ఇప్పుడు అడుగుతున్నానక్కా. ఎంత కావాలి?"

వదిన అన్నయ్య చెవి మీద సుద్దముక్క తీసుకుంది. పొయ్యి గట్టు వచ్చే చోట నిలబడి, రెండు చేతులూ బార్లా చాపింది. "ఇంత" అంది. ఎడమచేయి అందినచోట ఒక గీత, కుడిచేయి అందినచోట ఒక గీత. నడుము దగ్గర నుంచి లింటెల్ దాకా. కన్నం ఆ గీతల మధ్య, చొక్కా మీద బొత్తంలా ఒక మూలకి ఉండిపోయింది. ఆ ఇంటికి వేసిన కొలతలన్నిటిలో మనిషి ఒంటి మీద తీసిన కొలత అదొక్కటే. దర్జీ ఇంట్లో ఆ మాట ముందే తట్టాల్సింది.

"పైన లింటెల్ గోడ పొడుగునా ఉంది కాబట్టి ఫరవాలేదు, కొట్టెయ్యొచ్చు" అన్నాడు మేస్త్రీ గోడ తడుముతూ. "ఇవాళ వేరేచోట స్లాబు పనుంది. రేపు వచ్చి కొడతానక్కా."

రేపు. ఆ మాట అన్నయ్య పాతికేళ్లుగా రోజుకి ముప్పైసార్లు అన్నాడు. ఎదుటివాడి నోట, అందులోనూ తన పెళ్లాం వింటుండగా, ఎప్పుడైనా విన్నాడో లేదో నాకు తెలియదు. వదిన సుద్దముక్క తిరిగి ఆయన చెవి మీద పెట్టి, "సరే, రేపే" అంది. పద్దెనిమిదేళ్ల అలవాటు.

అన్నయ్య మెడలో టేపు తీసి నా చేతిలో పెట్టాడు. తనే మేస్త్రీ సంచిలోంచి ఉలి, సుత్తి తీసుకున్నాడు.

"బావా, నువ్వా? చెయ్యి నలుగుతుంది! మిషను తొక్కేవాడివి..."

"తొక్కేది కాలితో" అన్నాడు అన్నయ్య.

మూడు గంటలు పట్టింది. మొదటి అరగంటలో ఉలి కంటే బొటనవేలికే ఎక్కువ దెబ్బలు పడ్డాయి. మేస్త్రీ స్లాబు పని మానుకుని పక్కన నిలబడి, "వాలుగా పట్టు బావా, వాలుగా" అంటూ ఉండిపోయాడు. తోడల్లుడు ముక్కలు ఎత్తి బయట పోశాడు. నేనూ పోశాను. నా చేతికి బొగ్గు తప్ప ఏదిచ్చినా ఫరవాలేదన్నారు. చివరి ఇటుక ఊడి బయటికి పడగానే వీధి మొత్తం వంటింట్లోకి వచ్చేసింది. ఎదురింటి గేటు, సైకిలు మీద పోతున్న ఒకాయన, ఆయన బండికి వేలాడుతున్న సంచి. వదిన ఇటుక దుమ్ములోనే ఆ ఖాళీ ముందు నిలబడింది. ఈసారి "బాగుంది" అనలేదు. మాకందరికీ గుండెలు కుదుటపడ్డాయి.

వడ్రంగి వదిన గీతల కొలతకి చట్రం చేసుకొచ్చాడు. పెడితే నాలుగు వైపులా వదులు. చట్రం గోడలో లొడలొడలాడింది. వడ్రంగి తన టేపు చూసుకున్నాడు, గోడ చూశాడు.

"గీత మీద కొట్టలేదేంటండీ?"

"గీత మీద ఎవడైనా కత్తిరిస్తాడా?" అన్నాడు అన్నయ్య నిజంగా ఆశ్చర్యపోయి. "కుట్టుకి అరంగుళం వదిలాను."

ఆ సందు సిమెంటుతో పూడుస్తానని మేస్త్రీ అంటే, అన్నయ్య వద్దన్నాడు. ఈ కిటికీ పని నాది, ఎవరూ చెయ్యి పెట్టొద్దు, నేనే పూడుస్తానన్నాడు. ప్రస్తుతానికి చెక్క చీలికలు దూర్చి చట్రం బిగించి, సందులో లైనింగు గుడ్డ కుక్కాడు.

గోడలకి రంగులేసేటప్పుడు, కిటికీ పక్కన మిగిలిపోయిన ఆ బొగ్గు రాతని కొట్టెయ్యమని నేను ఎంత బతిమాలినా వదిన ఒప్పుకోలేదు. ఇప్పటికీ అలాగే ఉంది. ఇంట్లో ఎవరైనా ఏదైనా జరపాలన్నా మార్చాలన్నా, ఆవిడ మాట్లాడదు. ఆ గోడవైపు వేలు చూపిస్తుంది.

కొత్తింట్లో చేరిన నెలకి వాన వచ్చింది. కొట్టుగా మార్చుకున్న ముందు గదిలో అన్నయ్య మిషను తొక్కుతున్నాడు, నేను ప్యాంటు నాలుగోసారి విప్పించుకోవడానికి వెళ్లి కూర్చున్నాను, పెదనాన్న గడప మీద మట్టం పెట్టి చూస్తున్నాడు. చుక్క ఒక్కటి కూడా మాలో ఎవరి మీదా పడలేదు. వంటింట్లోంచి కేక వినబడింది.

"ఏమండీ, వాన!"

అప్పటికే ఆవిడ బయటికి పరిగెత్తి తీగ మీద గుడ్డలు లాగేస్తోంది. అన్నీ పొడిగా లోపలికి వచ్చాయి. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. వాటిని అన్నయ్య ఒళ్లో పడేసి, "ఇంట్లోనే ఉంటారు కదా, ఆమాత్రం చూసుకోవద్దూ?" అని మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

మేమూ వెనకాలే వెళ్లాం. కిటికీ పైన కుట్టుకి వదిలిన అరంగుళంలోంచి, కుక్కిన గుడ్డ తడిసి, గట్టు మీదికి టప్ టప్‌మని నీళ్లు కారుతున్నాయి. పెదనాన్న పరీక్షగా చూసి, చుక్క మాత్రం మేస్త్రీ దారానికి కట్టి వదిలే తూకం గుండంత నిటారుగా పడుతోందన్నాడు.

వదిన ఒక గిన్నె తెచ్చి చుక్క కింద పెట్టింది.

"సందు ఎప్పుడు పూడుస్తారు?" అంది, వీధిలో వాన మీంచి చూపు తిప్పకుండానే.

అన్నయ్య చెప్పాడు. ఏం చెప్పాడో మీకు తెలుసు.