ఎర్రటి దీర్ఘచతురస్రం

పక్క మేడ మీద ఎవరో మిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటుకి మన ఏడో తరగతి మార్చి నెల కళ్ల ముందు తేలింది.

పరీక్షల ముందు లెక్కల మాస్టారు నలుగురేసి జట్లు కట్టించేవారు, గుర్తుందా నేస్తాల్లారా? ఎక్కువ రోజులు బడి మానినవాళ్లే బోర్డు మీద లెక్క చేయాలి. తప్పితే జట్టంతా ఓడినట్టే. మా జట్టులో సారమ్మ మిరప కోతలకు పోయి నెలన్నర రాలేదు.

"వైశాల్యమంటే ఏందే?" అంది తిరిగొచ్చాక.

సాయంత్రం నలుగురు ఆడపిల్లలం కల్లానికి వెళ్లాం. ఎర్రగా పరిచిన కాయల అంచులు చేతులతో సర్ది, చుట్టూ అడుగులతో కొలిచాం. పొడవు పన్నెండు, వెడల్పు ఎనిమిది; రెండూ హెచ్చవేస్తే తొంభై ఆరు, ఆ పరిచిన ఎరుపంతా వైశాల్యమే. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుని ఏడుస్తూ నవ్వుకున్నాం.

మర్నాడు బోర్డు మీద గది వైశాల్యం లెక్క. సారమ్మ సుద్దముక్క పట్టుకుని బిగుసుకుపోయింది.

"కల్లం తల్చుకోవే!" అని అరిచాను.

కళ్లు మూసుకుంది. నిలబడినచోటే పాదాలు మెల్లగా కదిలాయి. ఆపైన గబగబా రాసేసింది.

"ఎట్టా చేశావమ్మా?" అన్నారు మాస్టారు.

"చుట్టూ నడిచొచ్చానండి."

ఇప్పటికీ దీర్ఘచతురస్రం అంటే నాకు ఎర్రగానే కనిపిస్తుంది. సారమ్మా, ఎక్కడున్నావో గానీ, నీకూ అంతేనా?