తేట నీరు

బ్లడ్ బ్యాంకులో ఆమెను అందరూ పెద్దక్క అంటారు. రోజూ పొద్దున్నే ఫ్రిజ్ తెరిచి, ఒక్కో బ్యాగునూ కుదుపు లేకుండా పైకెత్తి, రక్తం మీద తేరిన నీటిని వెలుతురులో చూస్తుంది. ఆ నీరు ఎర్రబడితే రక్తం పాడైనట్టే.

"మగాళ్లదే తొందరగా పాడవుతుందమ్మా, మనది మొండి రక్తం," అని కొత్తగా చేరిన అమ్మాయికి మొన్న నవ్వుతూ నేర్పిందామె. ఇవాళ నవ్వలేదు. నెల కిందట ఆమె, భర్త ఒకేరోజు రక్తమిచ్చారు. ఆ వారమే ఆయన గుండెపోటుతో పోయాడు. ఇద్దరిదీ ఎవరూ అంతగా అడగని గ్రూపు. ఆయన రక్తం ఎవరికైనా ఎక్కితే చాలని రోజూ ఎదురుచూసింది. ఇవాళ ఆయన బ్యాగులో నీరు ఎర్రబడింది.

"ఇంకా వారం గడువుంది కదక్కా?" అంది అమ్మాయి.

"ఉంది. ఆయనెప్పుడు ఆగారు గనక!"

లేబుల్ మీది చెమ్మను కోటు అంచుతో తుడిచి, బ్యాగును పారేసే డబ్బాలో పెట్టింది. తర్వాత తన బ్యాగు ఎత్తి చూసింది. నీరు తేటగానే ఉంది.