మాది కాని ఆవు

నాకు ఓపిక తక్కువ. మదనపల్లెలో డిగ్రీ మొదటి ఏడు చదివేటప్పుడు ఉన్న కాస్తా అడుగంటింది. కాలేజీ ఆఫీసు బయట గోడకి సర్కారు స్కాలర్‌షిప్పు వచ్చినవాళ్ళ పేర్లు ఈ రోజు అంటిస్తారు, రేపు అంటిస్తారు అని చెప్పుకునేవాళ్ళు. నేను క్లాసుకీ క్లాసుకీ మధ్య పోయి చూసి వచ్చేదాన్ని. ఖాళీ గోడని చూడడానికి అంత పరుగెందుకని నా పక్క బెంచీ అమ్మాయి నవ్వేది. ఆమెకేం, వాళ్ళ నాయనది పట్టుగూళ్ళ వ్యాపారం. నాకు స్కాలర్‌షిప్పు వస్తే హాస్టలూ చదువూ ఉంటాయి. రాకపోతే దసరా సెలవులకి పెట్టె సర్దుకుని ఊరికి పోవడమే, మళ్ళీ రావడం ఉండదు. ఆ మాట నాయన ముందే చెప్పేశాడు. కోపంతో చెప్పలేదు. ఈ ఏడు వాన రాదులే అన్నట్టు చెప్పాడు.

డెబ్బైల చివరి మాట ఇది. అప్పటికి మండలాలు రాలేదు. మా ఊరు రామసముద్రం పక్కన, తాలూకా కచేరి పుంగనూరులో. ఇంటి ఆదాయం సర్కారు పెట్టిన హద్దు లోపల ఉందని ఊరి కరణం రాసివ్వాలి. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చి కళ్ళారా చూడాలి. ఆ తర్వాత తహసీల్దారు సంతకం. మాకేం భయం? వానలు వరసగా ఎగ్గొట్టాయి, బావి ఎండింది, శెనక్కాయ పెట్టిన విత్తనాన్నయినా వెనక్కి ఇవ్వలేదు. ఇంత గట్టి అర్హత తాలూకాలో ఇంకెవరికీ ఉండదని నేను ధీమాగా ఉన్నాను.

ఇన్‌స్పెక్టరు మరుసటి రోజు వస్తాడని కరణం కబురు పంపినప్పుడు నేను సెలవుకి వచ్చి ఇంట్లోనే ఉన్నాను. ఆ కబురుతో ఇల్లు తలకిందులైంది. ఎదురింటివాళ్ళు తమ పట్టె మంచం మోయించి మా వసారాలో వేశారు. పైవీధి నుంచి వెండి గ్లాసు వచ్చింది. కాఫీకి పాలు కావాలంటే కిందింటాయన చెంబుతో పాలు పంపలేదు, దూడతో సహా ఆవునే తోలుకొచ్చి మా గుంజకి కట్టాడు. "అప్పటికప్పుడు పిండుకోండమ్మా, ఎచ్చగా ఉంటాయి" అన్నాడు. మా పెదనాయన తన శెనక్కాయ మూటలు తెచ్చి గోడవారగా పేర్పించాడు. "వసారా బోసిగా ఉండాది. నాలుగు మూటలుంటే సూసేదానికి నిండుగా ఉంటాది" అని ఆయన లెక్క. మా వైపు అంతే. ఎవరింటికి పెద్దమనిషి వచ్చినా పరువు వీధి మొత్తానిది.

నేను ఆగలేకపోయాను. "అమ్మా, మనకి లేదని సూసేదానికి గదా ఆయన వచ్చేది? ఇవన్నీ యాల?"

అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది. "లేదని కరణం కాగితంలో రాసిండాడు గదా పాపా. మళ్ళా ఇంట్లో గూడా సూపించుకోవల్నా? వట్టి చాప మింద కూసోబెడతామా సర్కారు మనిషిని?"

వచ్చినాయన మంచివాడే, మర్యాదస్తుడు. పట్టె మంచం మీద కూర్చున్నాడు, వెండి గ్లాసులో కాఫీ తాగాడు, సంగటి, కోడిపులుసు ఇష్టంగా తిన్నాడు. తింటూ అడిగాడు, "పంటలెట్లుండాయి పెద్దాయనా?"

"మీ దయ సామీ, బాగుండాయి."

"బావిలో నీళ్ళు?"

"దేవుడు సల్లగా సూస్తాండాడు సామీ. ఇంకొంచెం ఏసుకోండి. మొగమాటపడొద్దండి, దొడ్లో కోళ్ళకేమి కొదవ?"

నేను తలుపు వెనక నిలబడి ఓణీ కొంగు కొరుకుతున్నాను. బయటికి దూకి అబద్ధం, అబద్ధం అని అరవాలని ప్రాణం కొట్టుకుంది. తింటున్న మనిషి ముందు అరిచే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని, ఆవు వంకా మూటల వంకా ఒకసారి చూసి, నాయనకి దండం పెట్టి వెళ్ళిపోయాడు. వీధి వీధంతా సంతోషపడింది. సాయంత్రానికల్లా ఎవరి సామాను వాళ్ళింటికి చేరింది.

కొన్నాళ్ళకి గోడ మీద పేర్లు పడ్డాయి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాను. నా పేరు లేదు. ఆ పూటే పుంగనూరు బస్సెక్కాను. కచేరిలో గుమాస్తా కాగితం తీసి చదివి నన్ను ఎగాదిగా చూశాడు. "పాడి ఉండాది, పంట ఇంట్లో ఉండాది, ఎండి సామాను ఉండాది. నీకెందుకమ్మా స్కాలర్‌షిప్పు?"

అవేవీ మావి కావన్నాను. గొంతు పెంచాను కూడా. ఆయన విసుక్కోలేదు. "ఆయప్ప కండ్లతో సూసి రాసినాడు. నేను సూడకుండా ఎట్ల కొట్టేసేది? ఆయప్ప కుప్పానికి మారిపొయ్యినాడు. పోయి తప్పని రాయించుకోనిరా, అయ్యగారి ముందర పెడతా. ఇంకో జాబితా ఉండాది, అది పైకి పంపించేలోపల రావల్ల సూడు."

నాయనని లాక్కుని కుప్పం బయలుదేరాను. నిజంగా లాక్కునే పోయాను. పలమనేరులో డ్రైవరు టీ తాగడానికి దిగాడు, ఎంతకీ ఎక్కడు. నేను దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగి టీ అంగడి దాకా పోయి ఆయన గ్లాసులోకి తొంగి చూసినంత పని చేశాను. బస్సు కదిలిందగ్గర్నుంచీ నాయనకి పాఠం మొదలుపెట్టాను.

"నాయనా, లేదని సెప్పు. ఒక్క మాటే."

"సెప్తాలే."

"ఏమని సెప్తావు? ఈడ సెప్పు, ఇంటాను."

"సెప్తాలే పాపా. ఊరికే పొడస్తావేమి?"

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అంత కోపం నాకు నాయన మీద అంతకు ముందెప్పుడూ రాలేదు. ఎండిన బావి గురించి ఎండిందని చెప్పడానికి నోరు రాని మనిషి కడుపున పుట్టినందుకు ఏడుపొచ్చింది.

ఇన్‌స్పెక్టరు ఇల్లు రైల్వే స్టేషను వెనక. మేం పోయేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. ఆయన చూడగానే గుర్తుపట్టి, "రండి రండి, మీ ఇంటి కోడిపులుసు ఇంకా నోట్లోనే ఉండాది" అన్నాడు. వద్దన్నా వినకుండా ఆయన భార్య మాకూ ఆకులు వేసి అన్నం వడ్డించింది. నాయన ముఖంలో నవ్వు చూశాను. మళ్ళీ మర్యాద మొదలవుతుందని భయమేసింది.

"సార్, ఆ ఆవు మాది కాదు" అనేశాను.

"నువ్వుండు పాపా" అన్నాడు నాయన.

నాయన అన్నంలో చెయ్యి పెట్టలేదు. ఆకు వంకే చూస్తూ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ఆవు మాది కాదు సామీ. కిందింటోళ్ళది. మూటలు మా అన్నవి. మంచం ఎదురింటోళ్ళది, గ్లాసు పైవీధోళ్ళది. బాయిలో నీళ్ళు లేవు సామీ. పంట లేదు."

ఇన్‌స్పెక్టరు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మాట తేలిక చేద్దామనుకున్నాడేమో, కొంచెం నవ్వి అడిగాడు, "అయితే ఆ పొద్దు మీ ఇంట్లో మీదేముండాది పెద్దాయనా?"

"కోడి మాదే సామీ" అన్నాడు నాయన. "గుడ్లు పెట్టేది. అదొకటే ఉండింది."

చేతిలో గరిటెతో ఆయన భార్య అలాగే నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరు సగం అన్నం వదిలి లేచి చెయ్యి కడుక్కున్నాడు. లోపలి గదిలోకి పోయి రాసి తెచ్చి, ఆ కాగితం నా చేతికివ్వలేదు, నాయన పక్కన కూర్చుని ఆయన చేతిలో పెట్టాడు. "ముందు తినండి" అన్నాడు. అప్పుడు నాయన అన్నం కలుపుకున్నాడు.

స్కాలర్‌షిప్పు వచ్చింది, చదువు సాగింది. కానీ ఆ సాయంత్రం తిరుగు బస్సులో నాకు సంతోషం అన్నది లేదు. నాయన నోట లేదు అనిపించాలని దారి పొడుగునా పోరింది నేనే. ఇక ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినకూడదని ఉంది. పలమనేరులో డ్రైవరు మళ్ళీ టీకి దిగాడు. నాయన జేబులో కాగితాన్ని తడుముకుని చూసుకుని, నా భుజానికి ఆనుకుని నిద్రపోయాడు. డ్రైవరు ఎంతసేపు తాగాడో నేను చూడలేదు.