మైనస్ నాలుగు వచ్చిన రోజు

హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లి హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ప్రతి లెక్కా ఇంట్లో చేసి చూసుకుని, బోర్డు మీద ఒక్క కొట్టివేత లేకుండా వేసేదాన్ని. పిల్లలు బుద్ధిగా నోట్సుల్లోకి ఎక్కించుకునేవాళ్లు. అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే సగం మంది పెన్ను కదిపేవాళ్లు కాదు.

ఒకరోజు పదో తరగతిలో, ఏటికి ఎదురు వెళ్లే పడవ లెక్క చేస్తున్నాను. నీటి వేగం మైనస్ నాలుగు వచ్చింది. గబుక్కున డస్టర్ అందుకున్నాను. ఎందుకో ఆగి, మనసులో అనుకునేదంతా పైకే అన్నాను.

"వేగం మైనస్ ఎట్ల వస్తాది? యాడో తప్పినాను. మొదట్నుంచి చూస్తా. ఏటికి ఎదురు పోతే పడవ నిదానమవుతాది కదా. నేనేమో కలిపినాను."

"మీక్కూడా తప్పు వస్తాదా మేడం?" అంది కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి. మగ్గం నేసేవాళ్ల బిడ్డ. పరీక్షల్లో తెల్లకాగితం ఇచ్చేది. అంతవరకు ఆమె గొంతే వినలేదు నేను.

"రోజూ వస్తాది. మీకు చూపించలేదంతే," అన్నాను.

మరునాడు ఆమెనే బోర్డు దగ్గరికి పిలిచాను.

"జవాబు వద్దమ్మా. ఏమనుకుంటాండావో అది పైకి చెప్పు."

సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది. "ఏమిచ్చినారో మళ్లా సదువుతా... ఈడ దాకా తెలుస్తాంది. ఈడ తెలీలేదు."

లెక్క పూర్తి కాలేదు. కానీ తరగతిలో ఫస్టు వచ్చే పిల్లవాడు లేచి, "నాకూ ఆడే తెలీలేదు మేడం," అన్నాడు. ఆ తర్వాత రోజుకొకరు బోర్డు దగ్గరికి వచ్చారు. ఆ నెల పరీక్షలో కిటికీ పక్క అమ్మాయి కాగితం నిండుగా ఉంది. ఆగిన చోటల్లా 'ఇక్కడ తెలియలేదు' అని రాసి, దాని కిందే మళ్లీ ప్రయత్నించింది.

కొన్నాళ్లకు ఒకరోజు రైలు పెనుకొండలో నిలిచిపోయి, బడికి గంట ఆలస్యంగా చేరాను. తరగతి గోలగోలగా ఉంటుందని పరుగున మెట్లెక్కాను. బోర్డు దగ్గర ఆ అమ్మాయే ఉంది, పక్కన ఇంకో పాప లెక్క చేస్తోంది. ఎవరో జవాబు అందించబోయారు.

"చెప్పాకండి! యాడ తప్పిందో ఆ పాపనే చూసుకోనీండి," అంది ఆ అమ్మాయి.

ఆ పాప తనలో తాను ఏదో అనుకుంది. తల అడ్డంగా ఊపింది. ఒక వరుస చెరిపి మళ్లీ రాసింది. తరగతంతా బోర్డు వైపే చూస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక బిడ్డ తన ఆలోచనను తానే పట్టుకుని సరిచేసుకోవడం, ఇన్నేళ్ల ఉద్యోగంలో కళ్లారా చూడటం అదే మొదటిసారి.

"వచ్చి కూచోండి మేడం. ఇంకా అయిపోలా," అంది బోర్డు దగ్గరి అమ్మాయి.

ముందు బెంచీలో ఎవరో జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను.