పోటీ బ్యాచ్‌కు కావలసిన కారణం

ఈలమ్మగారు బతికినంతకాలం విసుక్కుంటూనే బతికారు. అందులో ముప్పై ఏళ్లు ఈత కొలను పక్కగదిలో, బ్లీచింగ్ వాసన వదలని బల్ల ముందు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది గనక ఆ పేరు. అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు.

పిల్లను పోటీ బ్యాచ్‌లో చేర్చాలంటే, ఎందుకు చేరుస్తున్నారో తల్లో తండ్రో దరఖాస్తు మీద స్వయంగా రాయాలి. ఆ నియమం పెట్టింది ఆవిడే, అనుభవించిందీ ఆవిడే.

"ఎత్తు పెరగడానికట! ఇది కొలనా, ఎరువుల కొట్టా?" అంటూ ఒక కాగితం పక్కకు గిరాటేసేవారు. "కాలేజీ సీటు కోసమట. పిల్లకింకా పాలపళ్లే ఊడలేదు."

ఒకాయన 'మా తోడల్లుడి కూతురు చేరింది కనుక' అని రాసి, కింద సంతకం కూడా పెట్టాడు.

"పాపం, ఉన్నమాట రాశాడమ్మా," అంది తువ్వాళ్లు మడతపెడుతున్న ఆయా.

"అయితే తీసుకెళ్లి ఫ్రేము కట్టించుకో."

అలాంటి ఈలమ్మగారికి ఒకటే కోరిక పట్టుకుంది. ఎనిమిదేళ్ల మనవరాలు పోటీ బ్యాచ్‌లో చేరాలి. ఏడాదిపాటు కూతురి ప్రాణం తోడేశారు. ఆ కూతురు ఒకప్పుడు ఇదే కొలనులో పదేళ్లు ఈది, పతకాలు తెచ్చి, తర్వాత నీళ్లలో కాలు పెడితే ఒట్టు.

చివరికి ఒక మధ్యాహ్నం కూతురే పిల్లను వెంటబెట్టుకొచ్చి, ఖాళీ దరఖాస్తు తల్లి ముందుంచింది.

"కారణం నువ్వే రాయమ్మా. నాకు నచ్చితే చేరుస్తా."

ఈలమ్మగారు 'క్రమశిక్షణ' అని రాశారు.

"ఇంకెవరైనా రాస్తే చింపేసేదానివి."

కొట్టేసి 'ఆరోగ్యం' అని రాశారు.

"దానికి మామూలు బ్యాచ్ చాలదూ? అసలు నన్నెందుకు చేర్చావ్?"

"నా ప్రాణం తియ్యకే! మీ నాన్న పోయాక నిన్నెవరి దగ్గర వదలమంటావ్? పనికి వస్తూ వెంట తెచ్చుకున్నా. గట్టు మీంచి జారి పడతావని నీళ్లల్లో దింపా."

"దింపావు సరే. పోటీలెందుకు?"

ఈలమ్మగారు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"మామూలు పిల్లల్ని అయిదింటికే పంపేసేవాళ్లు. పోటీ పిల్లలైతే ఏడింటిదాకా ఉండొచ్చు. నా పని ఏడింటికి గానీ అయ్యేది కాదు."

"అందుకా! ఓడిపోయినప్పుడల్లా నువ్వు తిడితే బట్టలు మార్చుకునే గదిలో కూచుని ఏడ్చానే, అందుకా?"

"గెలవనివాళ్లని బ్యాచ్‌లోంచి తీసేస్తారు గదే మరి!"

అప్పటికే మనవరాలు చెప్పులు విప్పి, తలుపు దగ్గర ఒంటికాలి మీద గెంతుతోంది.

"ఇంత చిన్న ముక్క నాకు చెప్పడానికి నీకిన్నాళ్లు పట్టిందా అమ్మా?" అని కూతురు పోటీ దరఖాస్తు మడిచి సంచిలో పడేసి, బల్ల చివర దొంతరలోంచి మామూలు బ్యాచ్ కాగితం లాక్కుంది.

ఈలమ్మగారికి ఒళ్లు మండింది. దాని కాళ్లు చూశావా, ఆ భుజాలు చూశావా అనబోయి ఆగిపోయారు.

"అయిదింటికే పంపేస్తాం," అన్నారు ముద్ర గట్టిగా గుద్దుతూ. "తర్వాత దాన్ని చూసేవాళ్లెవరూ ఉండరు ఇక్కడ."

"నాలుగున్నరకే వచ్చి గేటు దగ్గర కూచుంటానులే," అంది కూతురు.