పరమాన్నంలో పదకొండు గుండ్లు

వినాయక చవితి నాడు మా చెల్లి ఐర్లాండ్ నుంచి పరమాన్నం ఫోటో పంపింది. ఇంట్లో అందరూ వెనకాల ఉన్న దేవుణ్ణి చూశారు. నేను జీడిపప్పును చూశాను.

నా తప్పు కాదు, నా బతుకు అది. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పొసగక బడి మానేసి, పలాసలో జీడిపప్పు ఏరే బల్ల ముందు కూర్చున్నాను. ఇరవై ఏళ్లయింది, ఇంకా లేవలేదు. విరగని పప్పు గుండు. రెండుగా చీలితే బద్ద. ఆ తర్వాత మిగిలేదంతా ముక్క. పెళ్లి భోజనంలో కూడా నా వేలు ముందు పాయసంలోకే పోతుంది, తినడానికి కాదు, రకం చూడటానికి.

ఆ ఫోటోలో పదకొండు గుండ్లు. మచ్చుకైనా ఒక్క ముక్క లేదు. నేను చెల్లికి కట్టి పంపింది మాత్రం రెండు కిలోల ముక్కలు.

"ఏటి మావా, దేవుడికి దండమెట్టకుండా పప్పులు లెక్కెడతన్నావేటి?" అంది నా భార్య.

"అది మన పప్పు కాదే. అసలా పరమాన్నం దాందో కాదో!"

"సదువుకుంటన్న పిల్ల మీద కూడానా నీ పోలీసు బుద్ధి?"

నా అనుమానానికి కారణం ఉంది. పూండి వైపు ఒకాయన కొడుకు ఇలాగే పై దేశం నుంచి ప్రతి పండక్కీ కంచం నిండా వంటకాల ఫోటో పంపేవాడు. చూసి అందరం మురిసిపోయాం. తీరా ఆరా తీస్తే, ఆ అబ్బాయి ఎప్పుడో కాలేజీ మానేశాడు. గుడి భోజనాల వరసలో నిలబడి, తినేముందు ఆ కంచాన్నే ఫోటో తీసేవాడు. అప్పటి నుంచి పండగ ఫోటో చూస్తే నాకు నోరూరదు, దడ పుడుతుంది. మా ఇంట్లో పదో తరగతి దాటింది చెల్లి ఒక్కతే. అది అక్కడ తింటోందా, చదువుతోందా? నాకు కావలసింది అంతే.

దసరాకి ఇంకో ఫోటో. మళ్లీ గుండ్లే. ఈసారి పక్కన చెల్లి కూడా ఉంది, బుగ్గలు లోపలికి పోయి. వెంటనే వీడియో కాల్ చేశాను.

"పరమాన్నంలో నాను పంపిన పప్పేనా?"

"మరింకేటన్నయ్యా?"

"డబ్బా తే. మూత తియ్యి, సూత్తాను."

"సార్జింగు అయిపోతంది, ఉంటాను."

పెట్టేసింది. అబద్ధం చెప్పేటప్పుడు మా చెల్లి చెయ్యి కుడి చెవి మీదికి పోతుంది. చిన్నప్పుడు నౌపడ ఉప్పు మడుల్లో పడి గౌను పాడు చేసుకుని, పడలేదన్నప్పుడూ అదే చెవి. ఇవాళా అదే చెవి.

అక్కడ చెల్లితో పాటు ఒకే అద్దె ఇంట్లో ఉండే నలుగురిలో ఒకమ్మాయి మా వైపే, టెక్కలిది. ఆ అమ్మాయి వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. క్రిస్మస్‌కి మా చెల్లి కేకు తింటుంది, చవితికి ఆ అమ్మాయి ఉండ్రాళ్లు చుడుతుంది. నంబరు సంపాదించి ఫోను చేశాను.

"అమ్మా, నువ్వు అబద్ధమాడవని అడుగుతన్నాను. మా సెల్లి కాలేజీకి ఎల్తందా?"

"నాకన్నా ముందే ఎల్తాది అన్నయ్యా."

"తింటందా?"

ఆ అమ్మాయి కాలేజీ సంగతే మళ్లీ చెప్పబోయింది. తిండి సంగతి చెప్పమన్నాను.

"పండగ ముందు వారం ఉత్త రొట్టె తింటాది," అంది చివరికి.

"ఏటి, ఉపాసమా?"

"ఆ మిగిలిన డబ్బులెట్టి గుండ్లు కొంటాది. ఇక్కడ వాటి ధర సూత్తే కళ్లు తిరుగుతాయి. మా అన్నయ్య పలాస జీడిపప్పు కార్ఖానాలో పెద్ద తలకాయని మిగతా పిల్లలకి సెప్పీసింది. పలాస పిల్ల పరమాన్నంలో ముక్కలేత్తే నవ్వరా? నువ్వు పంపిన డబ్బా మంచం కింద ఉంది."

"మరి టెక్కలి దానివి, ముక్కలేత్తే తప్పు లేదని నువ్వైనా సెప్పొద్దా?"

"మాకు జీడితోట ఉన్నా, మా డబ్బా కూడా ముక్కలే అన్నయ్యా. దాని పక్కనే ఉంది."

నవ్వబోయాను, రాలేదు. చెల్లికి గుండ్లు పంపాలన్న ఆలోచనే నాకు తట్టలేదు. పిసినారితనం కాదు. తోటలున్నవాళ్లదీ, పప్పు ఏరేవాళ్లదీ మా దగ్గర ఒకటే వరస: గుండు అమ్మకానికి, బద్ద చుట్టాలకి, ముక్క మనకి. బారువలో వల లాగినవాడు మంచి చేప ఒకటైనా కూరకి ఉంచుకుంటాడు. ఇరవై ఏళ్లుగా నా వేళ్ల మధ్య నుంచి పోయిన గుండ్లలో నా నోటి వైపు తిరిగింది ఒక్కటీ లేదు.

ఆ వారమే రెండు కిలోల గుండ్లు కొని, ఒక్కో పప్పూ నేనే ఏరి, ఇంటికి ఒక్కటీ ఉంచకుండా కట్టాను.

"మంత్రిగారికేటి?" అంది బల్ల అవతల కూర్చునే ఆవిడ.

"అంతకన్నా పెద్దోలికి. మా సెల్లికి."

దీపావళి ఫోటో వచ్చింది. వేళ్లతో పెద్దది చేసి చూశాను. పరమాన్నం నిండా ముక్కలు. గుండు ఒక్కటీ లేదు. ఒళ్లు మండి వీడియో కాల్ చేశాను.

"గుండ్లేవి?"

"టెక్కలి దానికీ నాకూ దాసుకున్నాను. రోజూ తింటన్నాం. దేవుడికీ, మిగతా పిల్లలకీ ముక్కలే ఏసి వండీసినాను. మా ఇంట్లో ఇలాగే వండుతారని సెప్పీసినాను."

"నవ్వలేదా?"

"రెండోసారి ఏయించుకున్నారు."

చెవి వైపు చూశాను. చెయ్యి అక్కడ లేదు. అయినా నమ్మకం కుదరలేదు.

"ఒక గుండు నోట్లో ఎయ్యి. నా ఎదురుగా."

వేసుకుంది. బుగ్గ ఉబ్బింది. కటుక్కున విరిగింది. బల్ల మీద అదే చప్పుడు వినిపిస్తే మాకు తిట్లు పడతాయి.

"ఇప్పుడు నువ్వొకటి ఎయ్యన్నయ్యా, నానూ సూత్తాను," అంది నములుతూనే.

నా చెయ్యి కుడి చెవి మీదికి పోయింది.

"సార్జింగు అయిపోతంది," అన్నాను.