వదులు నట్టు

మా మేనత్తకి కోపం వస్తే అరవదు, పనిచేస్తుంది. ఆవిడకి జీవితంలో వచ్చిన అన్నిటికన్నా పెద్ద కోపం తీరడానికి రెండేళ్ళ పని పట్టింది. ఆ పని మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, మా అమ్మ బట్టలారేసుకునే తీగ కింద జరిగింది. ఆ కోపంలో సగం నాది కూడా కాబట్టి ఈ సంగతి నేను చెప్పడమే సబబు.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు. పదహారో ఏట స్పానరు పట్టుకుంది, మళ్ళీ దించలేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, పెళ్ళికొడుకు చూడడానికొచ్చిన రోజున ఇంజను కిందికి దించి ఉందనీ, తిరిగి ఎక్కించేసరికి అతను వెళ్ళిపోయాడనీ చెప్పేది. అది నిజమో కాదో మా నాన్నకి కూడా తెలియదు. ర్యాలీ కార్లు తయారుచేసే గ్యారేజీ మా ఊళ్ళో ఒక్కటే. అందులో ఆవిడ పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. ఓనరు ఫొటోలు దిగేవాడు, ఆయన కొడుకు బాబుగారు కారు నడిపేవాడు, గెలిచిన కప్పులు వాళ్ళింట్లో అద్దాల బీరువాలోకి వెళ్ళేవి. కారు మాత్రం మా అత్త చేసేది.

ఆవిడ చేతిపనిలో రెండు పట్టింపులుండేవి. చక్రం నట్టు బిగించాక నట్టు మీదుగా, అది ఎక్కే స్టడ్డు బోల్టు మీదికి పసుపు పెయింటుతో సన్నటి గీత గీసేది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా ఆ గీత రెండు ముక్కలై కనిపించాలి. రెండోది, ఏ భాగమైనా సరే, కనిపించని వైపు కూడా కనిపించే వైపంత శుభ్రంగా ఉండాలి. "లోపల ఎవరు చూస్తారత్తా?" అని చిన్నప్పుడు నేనొకసారి అడిగితే, "నేను చూస్తాగా" అంది.

ఎనిమిదేళ్ళ కిందట కొండ ర్యాలీలో బాబుగారి కారు ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. కారు పల్టీలు కొట్టి గట్టు కిందికి జారింది. బాబుగారికి గీసుకుపోయిన దెబ్బలు తప్ప ఏమీ కాలేదు. పక్క సీట్లో ఉన్న మాస్టారి కాలు మాత్రం మూడుచోట్ల విరిగింది. ఆయన బళ్ళో లెక్కలు చెప్పేవారు. సెలవు రోజుల్లో బాబుగారి పక్కన కూర్చుని, ముందే రాసిపెట్టుకున్న నోట్సు చూసి మలుపులు చదివి వినిపించేవారు. ఆ రోజు నుంచి ఆయన చేతికర్ర మనిషి.

సాయంత్రానికల్లా ఓనరు అందరి ముందూ తేల్చేశాడు, మా అత్త నట్లు బిగించడం మర్చిపోయిందని. ఆవిడ కొండెక్కి రోడ్డంతా గాలించి ఒక నట్టు దొరకబుచ్చుకుంది. స్టడ్డు ముక్కతో సహా విరిగిపడింది, మీద పసుపు గీత చెక్కుచెదరలేదు. విచారణలో ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి, బిగించకుండా గీత గీసే అలవాటు తనకి లేదంది. ఓనరు నవ్వి, నాలుగింట్లో ఒకటి బిగించి మూడు మర్చిపోయినట్టుందన్నాడు. అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా చెవుల్లోనే ఉంది.

ఉద్యోగం ఊడింది. అది పెద్ద బాధ కాదు, పేరు ఊడింది. ఊరు ఊరంతా ఆవిణ్ణి 'వదులు నట్టు' అనడం మొదలుపెట్టింది. కుట్టుమిషన్లూ, నీళ్ళ మోటార్లూ బాగుచేసుకుంటూ నాలుగేళ్ళు గడిపింది. కుర్చీ కాలు సరిచేయించుకున్నవాడు కూడా డబ్బులిచ్చాక కుర్చీని ఓసారి ఊపి చూసుకుని, పళ్ళికిలించి వెళ్ళేవాడు. ఆవిడ తర్వాతి కుట్టుమిషను ముందుకి లాక్కునేది. నాకు మాత్రం ఆ కుర్చీ ఎత్తి వాడి నెత్తిన వెయ్యాలనిపించేది.

ఒక ఆదివారం ఆవిడ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఒక రిటైరైన కాంపౌండరు పెరట్లోంచి పాత చిన్న కారొకటి లాగించుకొచ్చింది. నాలుగు తలుపులు, వెనక ఎత్తే డిక్కీ తలుపు, వెనక సీటు మీద రెండు కోళ్ళు. కోళ్ళని తిరిగి పంపించేశాం. మా అమ్మ దాన్ని చూసి, ఇది కదులుతుందా అని అడిగింది. అత్త నావైపు తిరిగి, "అదే కొండ మీద, ఆ బాబు కారు టైముని దీంతో దాటాలి. నడిపేది నువ్వు" అంది.

నేను అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఆ కొండ మీది తోటలకి సరుకుల వ్యాను నడుపుతున్నాను. ఏ మలుపులో ఏ గొయ్యి ఉందో నా నడుముకి తెలుసు. కానీ ఒప్పుకున్నది అందుకు కాదు. ఓనరు మొహం వాడిపోతే చూడాలని నాకు కడుపులో మంటగా ఉండేది. ఆ మాటే అన్నాను. మంచిది, ఆ మంట ఆరనివ్వకు అంది.

మర్నాడే మాస్టారు కర్ర టకటకలాడించుకుంటూ షెడ్డులోకొచ్చారు. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. ఆయన పగ మాకన్నా పాతది. ఆసుపత్రిలో ఉన్న రెండు నెలల్లో ఓనరు ఒక్కసారి కూడా చూడడానికి రాలేదు. పైగా మాస్టారు మలుపు తప్పు చదివారేమోనని కూడా ఎవరితోనో అన్నాడట. "ఆ రోజు నువ్వు బిగిస్తుంటే నేను పక్కనే నిలబడి చూశానమ్మా. నాలుగూ బిగించావు. ఏదో వాళ్ళే చేశారు. నోట్సు నేను చదువుతాను" అన్నారు. ఆయన కాలు మడవడం కుదరదని అత్త పక్క సీటుని జానెడు వెనక్కి జరిపి బిగించింది.

ఇక పని. సీట్లు, తివాచీ, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ అన్నీ పీకేశాం. చప్పుడు రాకుండా అడుగున అతికించిన తారు షీటుని నేను ఉలితో గీకి గీకి రెండు వారాలు చేతులు పైకెత్తలేకపోయాను. పీకిన ప్రతిదాన్నీ అత్త కాటా మీద పెట్టి, "ఇంత బరువు తగ్గాం" అని తృప్తిగా తల ఊపేది. బరువు తగ్గాలని నా భోజనం మీద కూడా ఓ కన్నేసింది. వెనక కిటికీల అద్దాలు తీసి ప్లాస్టిక్ పలకలు పెట్టింది. పల్టీ కొట్టినా మనుషులు నలగకుండా ఇనప పైపులు వంచి లోపల పంజరం కట్టింది. ఒక్కొక్క అతుకునీ మూడేసిసార్లు సుత్తితో కొట్టి చెవి పెట్టి వినేది. తుక్కులో దొరికిన పాత వ్యాను స్ప్రింగులు కోసి కారు కింద అమర్చింది. ఇంజను కింద రాళ్ళు తగలకుండా మందపాటి రేకు కట్టింది. ఏదైనా కుదరనప్పుడు పళ్ళ బిగువున ఓనరు పేరు అనుకుని ఇంకోసారి ప్రయత్నించేది, అప్పుడు కుదిరేది. పగ ఇంత పనిమంతురాలని నాకు అంతకుముందు తెలియదు.

సెలవు రోజుల్లో ముగ్గురం వ్యానులో కొండెక్కి నోట్సు రాసుకొచ్చేవాళ్ళం. ఎడమ మూడు, వంద, కుడి రెండు, లోపలికి కొయ్యొద్దు. అంకె మలుపు వంపుకి, వంద అంటే తర్వాతి మలుపుకి మీటర్లు, కొయ్యొద్దంటే లోపలి అంచుకి రాసుకుపోవద్దని. మాస్టారు ఆ ముక్కల్ని ఎక్కాలు అప్పజెప్పించినట్టు నాతో అప్పజెప్పించేవారు. తను పడిపోయిన మలుపు దగ్గర మాత్రం ఆయన గొంతు పైకీ కిందికీ పోయేది కాదు. ఆ మలుపుని కూడా అన్ని మలుపుల్లాగే చదివేవారు. అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం.

ర్యాలీ ఆదివారం. అంతకుముందు వారం కారంతా ఎర్రరంగు వేశాం. చక్రాలు నా వంతు. గురువారం పొద్దున అత్తా నేనూ కారుని పన్నెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చాం. తిరిగొచ్చేటప్పుడు స్టీరింగు చేతుల్లో వణకడం మొదలైంది. షెడ్డు ముందు ఆపి అత్త చక్రం దగ్గర కూర్చుంది. నాలుగు నట్ల మీదా పసుపు గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. స్పానరు పెట్టి ఊరికే అలా తాకింది. నట్టు సగం చుట్టు తేలిగ్గా తిరిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

ఆవిడ చక్రం ఊడదీసి వెనక్కి తిప్పింది. చక్రం కారుకి ఆనుకునే చోట, నట్ల కన్నాల చుట్టూ, ఎర్ర పెయింటు నలిగి, పొరలుగా లేచి, కింద ఇనుము కనిపిస్తోంది.

"వెనకవైపు కూడా వేశావా?"

"వేశాను. నువ్వు నేర్పినట్టే, రెండు కోట్లు."

ఆవిడ పక్కనున్న నూనె డబ్బా మీద కూర్చుండిపోయింది. నాకేమీ అర్థంకాక, పెయింటు మళ్ళీ వేస్తానన్నాను. అప్పుడు చెప్పింది. పెయింటు పొర మధ్యలో ఉంటే నట్టు ఎంత బిగించినా లాభం లేదు. కారు నడిచేకొద్దీ ఆ పొర నలిగి పల్చబడుతుంది. నట్టు తిరగదు, గీత చెదరదు, బిగుతు మాత్రం పోతుంది. వదులైన చక్రం ఊగి ఊగి చివరికి స్టడ్డుల్నే విరిచేస్తుంది. పంతొమ్మిదేళ్ళలో చక్రాలకి తను స్వయంగా రంగు వేసింది ఒక్కసారే. ఫొటోలకి మెరవాలని ఓనరు అడిగితే, ఆ ర్యాలీకి ముందురోజు, బాబుగారి కారుకి. కనిపించే వైపూ, కనిపించని వైపూ.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం ముట్టలేదు. చక్రాలన్నీ ఇనుము తేలేదాకా గీకింది, బిగించింది, కొంత దూరం నడిపించి మళ్ళీ బిగించింది. చేతులు కడుక్కుంటూ, "మాస్టారికి చెప్పాలి" అంది.

వద్దన్నాను. ఆయన దిగిపోతే నోట్సు చదివేవాళ్ళు లేరు, రెండేళ్ళ పని మట్టిపాలవుతుంది, ఓనరు ఇంకోసారి నవ్వుతాడు అన్నాను. ఇప్పుడు చక్రాలు బాగానే ఉన్నాయి కదా, ఆయనకి వచ్చే ప్రమాదమేమీ లేదు కదా అన్నాను. "గెలిచాక చెప్దువుగాని" అన్నాను. ఆవిడ నా వైపు చూసి సరేనంది. నా మాట ఆవిడ వినడం అదే మొదటిసారి.

ఆదివారం మా కన్నా ఒక నిమిషం ముందు బాబుగారి కారు బయల్దేరింది. తర్వాత మేం. మాస్టారి గొంతు చెవిలో తూకం వేసినట్టు పడుతోంది, నేను స్టీరింగు తిప్పుతున్నాను. కారు తేలిగ్గా, గుమ్మం దాటిన పిల్లిలా పోయింది. మూడో మలుపు తర్వాత బాబుగారు లేపిన దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది, అంటే దగ్గరపడుతున్నాం. మాస్టారు పడిన మలుపు వచ్చింది. ఎడమ రెండు, కొయ్యొద్దు అన్నారు, అంతే. పైన గడియారం దగ్గర ఆగి టైము చూసుకుంటే, బాబుగారి కన్నా నాలుగు సెకన్లు తక్కువ.

బోర్డు మీద అంకెలు రాయగానే జనం మూగారు. అత్త సర్వీసు జీపులో పైకొచ్చేసరికి ఓనరు మొహం నేను కోరుకున్నట్టే ఉంది. కడుపునిండా చూశాను. మాస్టారు ఊరుకోలేదు, అందరికీ వినబడేట్టు, ఈ చేతులు బిగించడం మర్చిపోయే చేతులేనా చెప్పండయ్యా అని అడిగారు.

అప్పుడు బాబుగారు జనంలోంచి వచ్చి అత్త ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఆ రోజు పై మలుపులో నేను రాయిని కొట్టాను. చక్రం దాంతోనే పోయుంటుంది. నాన్నకి చెప్పాను. నీ మీద పెడదామన్నారు, నేను ఊరుకున్నాను. ఆరేళ్ళుగా నిద్రపట్టడం లేదు. నన్ను క్షమించు."

అంతమంది విన్నారు. ఓనరు నేల చూపులు చూస్తున్నాడు. మేం ఏ నోటి నుంచి ఏ మాట రావాలని రెండేళ్ళు ఇనుము వంచామో, ఆ నోటి నుంచి ఆ మాట వచ్చేసింది. ఇక అత్త తల ఊపితే చాలు. ఊపు, ఊపు అని లోపల అనుకుంటున్నాను.

"రాయి కాదు బాబూ" అంది అత్త. "చక్రం వెనక పెయింటు వేసింది నేను. అది నలిగి నట్లు వదులయ్యాయి. మర్చిపోలేదు. కానీ తప్పు నాదే."

బాబుగారు రెండు చేతులతో మొహం కప్పుకుని అక్కడే కింద కూర్చుండిపోయాడు. ఓనరు తల ఎత్తాడు. ఆ పెదాల మీద నవ్వు మొలవడం కళ్ళారా చూశాను. కానీ అత్త అటు చూడడం లేదు, మాస్టారిని చూస్తోంది.

"ఎప్పుడు తెలిసిందమ్మా నీకు?" అన్నారాయన.

"గురువారం."

"ఇవాళ ఆదివారం." ఆయన కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"గెలవాలని."

నేను వాళ్ళకి రెండడుగుల దూరంలో ఉన్నాను, హెల్మెట్ ఇంకా తియ్యలేదు. చెప్పొద్దన్నది నేనని అత్త అనలేదు, నా వైపు చూడనైనా లేదు. నేనూ అనలేదు. మాస్టారు నోట్సు పుస్తకం కారు బానెట్ మీద పెట్టి నడక మొదలుపెట్టారు. బాబుగారు లేచి పరుగున వెళ్ళి ఆయన భుజం కింద చెయ్యి వేశాడు. ఇద్దరూ బాబుగారి కార్లోనే కొండ దిగారు.

అత్త ఇప్పటికీ షెడ్డులోనే పనిచేస్తుంది. ఊళ్ళో ఆవిడ పేరు మారలేదు, ఇప్పుడు అనేవాళ్ళకి ఆవిడ ఒప్పుకోలు కూడా తోడైంది. మాస్టారు మళ్ళీ మా గడప తొక్కలేదు. నిరుడు ఒకసారి బస్టాపులో కనిపిస్తే వ్యాను ఆపి ఇంటిదాకా ఎక్కించుకున్నాను. దారిలో ఆయన అత్త ఊసెత్తలేదు. దిగాక కిటికీలోంచి నా తల నిమిరి, "నువ్వు బాగా నడిపావమ్మా ఆ రోజు. పాపం నీకేం తెలుసు" అన్నారు.

నేను తల ఊపాను.